రైలు కట్ట పక్కన నిద్ర

మా అమ్మ మాట మధ్యలో ఆపేస్తుంది. ఖమ్మంలో మా ఇంటి వెనక సందు దాటితే రైలు కట్టే. కాజీపేట–విజయవాడ లైను కావడంతో ఢిల్లీ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లూ, బొగ్గు మోసే గూడ్స్ బళ్లూ ఆ దారినే పోతాయి. "రేపు చిన్నమ్మ వాళ్లు" అని అమ్మ ఆగుతుంది. గూడ్సు చివరి పెట్టె దాటాక "పొద్దున బస్సుకే వస్తారట" అని అందుకుంటుంది. ఆగిన సంగతి ఆమెకు తెలియదు, వింటున్న మాకూ తెలియదు. ఆ చిన్నమ్మ వాళ్లు మా ఇంట్లో పడుకుంటే మాత్రం తెల్లారేసరికి కళ్లు ఎర్రగా ఉంటాయి. "మాకు అలవాటైపోయిందిలే" అంటాం మేము.

ఆ మాట సగమే నిజం.

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. నిద్రలో కూడా చెవి వింటూనే ఉంటుంది. ఏ చప్పుడుకు లేపాలో, దేన్ని వదిలేయాలో మెదడు చూసుకుంటుంది. పసిబిడ్డ కాస్త కదిలితే లేచే తల్లి, అదే రాత్రి గూడ్స్ బండి పోయినా కదలకుండా పడుకోగలదు. నిద్ర ప్రయోగశాలల్లో మనుషులను పడుకోబెట్టి, రికార్డు చేసిన రైలు శబ్దాలు వినిపించి చూశారు. రోజులు గడిచేకొద్దీ మెలకువ రావడం తగ్గింది. కానీ రైలు వచ్చినప్పుడల్లా గుండె వేగం పెరగడం మాత్రం అంతగా తగ్గలేదు. మనిషి లేవలేదు, పొద్దున అడిగితే ఏమీ వినలేదనే చెబుతాడు. శరీరం మాత్రం ప్రతి బండికీ ఉలిక్కిపడుతూనే ఉంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే రక్తపోటు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందన్నదే వైద్యుల ఆందోళన.

జర్మనీ చట్టమే ఒకప్పుడు మా ఇంట్లో మాటే చెప్పింది. ఒకే స్థాయి శబ్దమైనా రోడ్డు మోత కంటే రైలు మోత జనాన్ని తక్కువ విసిగిస్తుందని సర్వేల్లో తేలడంతో, రైలు శబ్దాన్ని లెక్కగట్టేటప్పుడు 5 డెసిబెల్స్ తగ్గించి చూసేవారు. విసుగు వేరు, నిద్రలో శరీరానికి జరిగేది వేరు. రాత్రంతా గూడ్స్ బళ్లు తిరిగే లైన్ల పక్కనున్న ఊళ్లవాళ్లు గట్టిగా పట్టుబట్టారు. చివరికి 2015 నుంచి కొత్త రైలు మార్గాలకు ఆ తగ్గింపు ఎత్తేశారు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. యూరప్ దేశాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో రాత్రి రైలు శబ్దానికి గీసిన గీత 44. ఇవన్నీ సగటులు. గంటకు ఒకే బండి, 30 సెకన్ల పాటు 80 డెసిబెల్స్‌తో పోయిందనుకుందాం. మిగతా 59 నిమిషాల 30 సెకన్లూ పూర్తి నిశ్శబ్దమే అయినా ఆ గంట సగటు 59 డెసిబెల్స్ వస్తుంది. డెసిబెల్ లెక్క అలాంటిది: 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు. మా అమ్మ గుండెను ఉలిక్కిపడేలా చేసేది ఆ 59 కాదు, నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచే 80.

రాత్రిపూట రైలు మరీ దగ్గరగా వినిపించడం మన భ్రమ కూడా కాదు. పగలు ఎండకు నేల కాగి, నేల దగ్గరి గాలి పైగాలి కంటే వేడిగా ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి శబ్ద తరంగం పైకి వంగి ఆకాశంలో కలిసిపోతుంది. మబ్బు లేని రాత్రి నేల చల్లబడి వరస తలకిందులవుతుంది: కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. శబ్దం కిందికి వంగి దూరపు ఇళ్లనూ చేరుతుంది. పగలు వినిపించని స్టేషన్ మైకు రాత్రి ఇంట్లోకి వినబడేది అందుకే.

ఇంతకీ రైలు ఎందుకంత మోత చేస్తుంది? ఇంజన్ వల్ల అనుకుంటాం. బండి వేగంగా పోతున్నప్పుడు ఎక్కువ మోత పుట్టేది చక్రం పట్టాను తాకే చోట, నాణెమంత జాగాలో. చక్రం మీదా పట్టా మీదా కంటికి కనబడనంత సన్నటి గరుకు ఉంటుంది. దాని మీద దొర్లుతుంటే చక్రం, పట్టా, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ మూడూ అదురుతాయి. వేగం రెట్టింపైతే ఆ మోత 9 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ గరుకును పెంచేది చాలావరకు బ్రేకులే. ఇనుప బ్రేక్ దిమ్మ చక్రం అంచును నేరుగా పట్టుకున్న ప్రతిసారీ అంచు గరుకెక్కుతుంది. దిమ్మను వేరే మిశ్రమ పదార్థంతో చేస్తే మోత 10 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, అంటే చెవికి సగమైనట్టే. స్విట్జర్లాండ్ 2020 నుంచి ఇనుప దిమ్మల గూడ్స్ వ్యాగన్లను తన పట్టాల మీదికి రానివ్వడం లేదు. మన ప్రయాణికుల బళ్లలో కొత్త రకమైన ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో బ్రేకు చక్రాన్ని తాకదు, ఇరుసు మీదున్న డిస్కును పట్టుకుంటుంది. పాత నీలం పెట్టెల బండి పోయాక ఎల్‌హెచ్‌బీ బండి వస్తే కళ్లు మూసుకుని తేడా చెప్పొచ్చు. నా చిన్నప్పటి "టకటక, టకటక" కూడా చాలావరకు పోయింది. అది 13 మీటర్ల పట్టాల మధ్య అతుకుల చప్పుడు. ఇప్పుడు వాటిని వెల్డింగ్ చేసి పొడవుగా కలిపేస్తున్నారు.

హారన్ సంగతి వేరు. గేటుకు ముందు పట్టాల పక్కన "సీ/ఫా" అని హిందీలో రాసిన పసుపు బోర్డు ఉంటుంది. సీటీ (కూత), ఫాటక్ (గేటు) అన్న మాటల పొట్టి రూపం అది. అక్కడ కూత వేయడం లోకో పైలట్ విధి, దాన్ని తప్పుపట్టలేం. గేటు తీసేసి కింద వంతెన కడితే ఆ కూత అవసరం ఉండదు. అయితే మా పేటలో మార్కెట్టుకు దగ్గరని కట్ట అడ్డంగా దాటేది మేమే. పట్టాల మీద మనిషి కనబడ్డాక పైలట్ కూత వేయక ఏం చేస్తాడు?

కట్ట పక్కన వరసగా చెట్లు నాటితే మోత ఆగుతుందని మా వీధిలో గట్టి నమ్మకం. చెట్లు నాటాల్సిందే, కానీ ఒక వరస చెట్లు శబ్దాన్ని దాదాపు ఆపవు. పట్టాలు కనబడకుండా అడ్డుపడే సందులేని గోడ ఆపుతుంది, అదీ పట్టాలకు దగ్గరగా కడితే. కిటికీ బిగించి మూస్తే 25 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, తెరిస్తే అందులో సగం తగ్గడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మంలో కిటికీలు మూసుకుని పడుకోమని ఎవరికి చెప్పగలం?

మా అమ్మ ఆగిపోయే మాట గురించి ఆలోచించినప్పుడల్లా న్యూయార్క్‌లోని ఒక బడి గుర్తొస్తుంది. మన్‌హట్టన్‌లోని ఆ పి.ఎస్. 98 బడికి ఒక పక్కన ఎత్తు వంతెన మీద రైళ్లు పోయేవి. నాలుగున్నర నిమిషాలకో రైలు, వచ్చినప్పుడల్లా దాదాపు 30 సెకన్లు టీచరు పాఠం ఆపాల్సిందే. అక్కడి పిల్లల తల్లి ఒకరు చెప్పగా, మనస్తత్వ శాస్త్రం బోధించే ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ రెండు వైపుల తరగతుల పిల్లల చదివే శక్తిని పోల్చి చూసింది. 1975లో ఆమె ప్రచురించిన ఫలితం: పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు, అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారు. బడి అదే, పాఠాలు అవే. ఆమె ఊరుకోలేదు. రైల్వే వాళ్లు పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, బడివాళ్లు గదులకు శబ్దాన్ని పీల్చే పైకప్పు పెట్టించారు. మళ్లీ పరీక్షించి 1981లో ఫలితం చెప్పింది: రెండు వైపుల పిల్లలూ ఒకే స్థాయిలో చదువుతున్నారు.

అది చదివాక మా పాప బల్లను కట్ట వైపు గది నుంచి వీధి వైపు గదిలోకి మార్చాం. మధ్యలో రెండు గోడలు అడ్డొచ్చాయి, రైలు మోత బాగా తగ్గింది. అమ్మ మంచం కూడా మారుద్దామంటే ఒప్పుకోలేదు. గాలి అటు నుంచే వస్తుందట.