సైడ్ క్యారెక్టర్‌ని ఎందుకు మార్చారు? ఫాంటసీ నవలలు, టీవీ సిరీస్‌లు: అపోహలు - వాస్తవాలు

నవలల్ని సిరీస్‌లుగా మలిచే రైటర్స్ రూముల్లో కూర్చోవడం నా పని. నా వాటాకి ఎక్కువగా వచ్చేది హీరో, హీరోయిన్ కాదు, వాళ్ల వెనక నిలబడే జనం. స్నేహితుడు, సేవకురాలు, మేనమామ, మూడో అధ్యాయంలో వచ్చి ఐదో అధ్యాయంలో చచ్చిపోయే సైనికుడు. సిరీస్ విడుదలైన మర్నాడు తిట్లు పడేది కూడా వీళ్ల గురించే. ఆ తిట్లలో కొన్ని న్యాయమైనవే. కొన్ని మాత్రం మా పని ఎలా జరుగుతుందో తెలియక వచ్చేవి. ముందే చెబుతున్నా, కథల్లో మలుపులు బయటపడతాయి. మీరు ఇంకా చూడని సిరీస్ పేరు కనిపిస్తే ఆ పేరా దాటేయండి.

అపోహ: నవల సరిగ్గా చదవనివాళ్లే పాత్రల్ని మార్చేస్తారు.

వాస్తవం: నేను చూసినంతలో, పుస్తకం అట్టలు ఊడేదాకా చదివినవాళ్లే మారుస్తారు. అసలు చిక్కు కథని ఎవరి కళ్లతో చూస్తున్నాం అన్నదగ్గర ఉంది.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తీసుకోండి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లో ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి చూపులోంచి నడుస్తుంది. రాబ్ స్టార్క్‌కి అలాంటి అధ్యాయం ఒక్కటి కూడా లేదు. అతన్ని మనం ఎక్కువగా చూసేది తల్లి కేట్లిన్ కళ్లతోనే. అందుకే పుస్తకంలో అతని పెళ్లి మనకి కనపడకుండా జరిగిపోతుంది. యుద్ధానికి వెళ్లిన కొడుకు జేన్ వెస్టర్లింగ్ అనే అమ్మాయిని భార్యగా వెంటబెట్టుకుని వస్తాడు. తల్లి నివ్వెరపోతుంది, ఆమెతో పాటు మనమూ. గాయపడి మంచంలో ఉండగా, తమ్ముళ్లు పోయారన్న కబురు విన్న దుఃఖంలో ఆ అమ్మాయికి దగ్గరయ్యాడు. ఆమె పరువు పోకూడదని పెళ్లాడాడు. ఆ క్రమంలో, మీ అమ్మాయినే చేసుకుంటానని ఇంకో ఇంటికి ఇచ్చిన మాట తప్పాడు.

టీవీలో ఈ పద్ధతి పనిచేయదు. జనానికి నచ్చిన కుర్ర రాజుని సీజన్ మొత్తం కనపడకుండా చేసి, చివర్లో భార్యతో ప్రవేశపెడితే ప్రేక్షకుడికి అది షాక్‌లా ఉండదు, ఏదో ఎపిసోడ్ మిస్సయ్యానేమో అనుకుంటాడు. కాబట్టి అతన్ని యుద్ధభూమిలోనే చూపించాలి. చూపించాలంటే అతనితో మాట్లాడే మనిషి ఒకరు కావాలి. అలా పుట్టింది టలీసా, గాయపడినవాళ్లకి కట్లు కట్టే అమ్మాయి. రాజుని మొహం మీదే నిలదీస్తుంది.

ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. కానీ ప్రేమను సీన్ తర్వాత సీన్‌గా చూపించాక, అది పరువు కోసం చేసుకున్న పెళ్లి ఎలా అవుతుంది? ప్రేమపెళ్లి అయింది. దాంతో రాబ్ చేసిన తప్పు రంగే మారిపోయింది. పుస్తకంలో అతన్ని ముంచింది తండ్రి నేర్పిన నిజాయితీ. సిరీస్‌లో ముంచింది వయసు. మాట తప్పినందుకు పగబట్టిన ఆ ఇంటివాళ్లు రాబ్‌ని విందుకి పిలిచి చంపుతారు. జేన్ పుస్తకంలో ఆ రక్తపు విందుకి వెళ్లనే వెళ్లదు. 2013లో వచ్చిన మూడో సీజన్‌లో టలీసా వెళ్లింది, కడుపుతో ఉండి అక్కడే చనిపోయింది. ఆ సీన్ దడ పుట్టించిన మాట నిజం. అయినా నిజాయితీ వల్లే ప్రాణం పోగొట్టుకున్న ఆ తండ్రీకొడుకుల పోలిక చెరిగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇదే ఇబ్బందికి అదే సిరీస్ ఇంకోచోట చక్కటి దారి వెతికింది. హారెన్‌హాల్ కోటలో మారుపేరుతో దాక్కున్న రాబ్ చెల్లెలు ఆర్యా, పుస్తకం ప్రకారం, రూస్ బోల్టన్‌కి మద్యం అందించే పిల్ల. రెండో సీజన్‌లో ఆమెని శత్రు వంశపు పెద్ద టైవిన్ లానిస్టర్ ముందు నిలబెట్టారు. పుస్తకంలో ఆమె మనసులో అనుకునేదంతా ఇక్కడ ఎదుటి మనిషి దగ్గర దాచాల్సిన రహస్యం అయింది. మనసులో మాటకి కెమెరా పెట్టలేం. దాన్ని దాచుకుంటున్న మొహానికి పెట్టగలం.

అపోహ: రెండు పాత్రల్ని కలిపేసేది డబ్బు మిగుల్చుకోవడానికే.

వాస్తవం: డబ్బు ఉంది, కాదనను. ఇంకో నటుడు అంటే ఇంకో పారితోషికం, ఇంకో కాల్షీట్, ఇంకో కాస్ట్యూమ్ లెక్క. కానీ మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది ప్రేక్షకుడి జ్ఞాపకశక్తి. పాఠకుడికి తికమక అయితే పేజీ వెనక్కి తిప్పుతాడు. మార్టిన్ పుస్తకాల చివర ఏ వంశంలో ఎవరెవరో జాబితాలే ఉంటాయి. సీజన్‌కి, సీజన్‌కి మధ్య ఏడాది గడిచాక కొత్త మొహం చూపించి "ఇతను చనిపోయిన రాజుకి మరో కొడుకు" అంటే ఎవరికి పడుతుంది? అందుకే పుస్తకంలోని ఎడ్రిక్ స్టార్మ్ అనే కుర్రాడి భాగాన్ని సిరీస్‌లో గెండ్రీకి ఇచ్చారు. ఇద్దరూ ఆ రాజు అక్రమ సంతానమే, గెండ్రీ మొహం మనకి ముందే తెలుసు. పేర్లూ అంతే. ఓషా అనే పాత్ర ముందే ఉంది కాబట్టి ఆషా కాస్తా యారా అయింది.

కలపడంలో ప్రమాదం లేదని కాదు. ఒక ప్రాజెక్టులో హీరో గురువునీ బాబాయినీ ఒక్కరిగా కలిపాను. అందరూ భేష్ అన్నారు. చివరి ఎపిసోడ్ల సిట్టింగ్‌లో తేలింది, నవలలో బాబాయి ద్రోహాన్ని కనిపెట్టేది ఆ గురువే. అంటే నా పాత్ర తన ద్రోహాన్ని తనే కనిపెట్టుకుని తనే ఆశ్చర్యపోవాలి! నాలుగు రోజులు తల పట్టుకున్నాం. అప్పటినుంచి ఇద్దర్ని కలిపే ముందు, ఇద్దరూ ఎదురుపడే సీన్లన్నీ కాగితం మీద రాసుకుంటాను.

అపోహ: మూల రచయిత టీమ్‌లో ఉంటే మార్పులు ఉండవు.

వాస్తవం: మార్టిన్ మొదటి నాలుగు సీజన్లలో సీజన్‌కి ఒక ఎపిసోడ్ స్వయంగా రాశారు. పైన చెప్పిన మార్పులన్నీ ఆ కాలంలోవే. 2023లో మొదలైన 'పెర్సీ జాక్సన్' సిరీస్‌కి ఆ నవలలు రాసిన రిక్ రియోర్డన్ సహ సృష్టికర్త. అందులో గ్రీకు పురాణాల రాక్షసి మెడూసా పుస్తకంలోకంటే చాలా జాలి పుట్టిస్తుంది. ఆ మాటకొస్తే ప్రభావం అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ పోతుంది. నటాలియా టేనా నటన చూశాక ఓషా పాత్ర మీద తనకి ఆసక్తి పెరిగిందని మార్టినే చెప్పారు.

అపోహ: పక్క పాత్రలకి ట్రాక్ పెంచడం ఓటీటీలు తెచ్చిన జబ్బు.

వాస్తవం: ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర వాల్మీకిలో లేదు, మన ఆడవాళ్ల పాటల్లో ఉంది. కథని మళ్లీ చెప్పేవాళ్లకి పక్కన ఊరుకున్నవాళ్ల మీదకే కన్ను పోతుంది. 'ది విచర్' పుస్తకాల్లో మాంత్రికురాలు యెనెఫర్ ఒకప్పుడు గూనితో ఉండేదన్న సంగతి హీరో గెరాల్ట్ చూపుకి అందే చిన్న ఆనవాలు. 2019 సిరీస్ దాన్నుంచి ఆమె యవ్వనం మొత్తాన్ని అల్లింది.

అపోహ: పుస్తకంలో బతికినవాణ్ణి చంపితే తప్పు, చచ్చినవాణ్ణి బతికిస్తే ఇంకా తప్పు.

వాస్తవం: ఆ పాత్ర చేత తర్వాత ఏం చేయించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 'అవుట్‌ల్యాండర్' నవలల్లో మర్టా కలోడెన్ యుద్ధంలోనే పోతాడు. సిరీస్‌లో ఐదో సీజన్ దాకా బతికాడు. పెంచిన కొడుకులాంటి హీరో జేమీకి ఎదురు పక్షాన నిలబడ్డాడు. బతికించినందుకు కథకి పని దొరికింది.

'ది విచర్' రెండో సీజన్‌లో ఎస్కెల్ విషయం దీనికి తలకిందులు. పుస్తకాల్లో అతను గెరాల్ట్ లాగే విచర్, అంటే రాక్షసుల్ని వేటాడేవాడు. మొదట కొత్త విచర్‌ని ఒకణ్ణి చంపుదామనుకున్నారనీ, ఎవరో తెలియనివాడు చస్తే ఎవరికీ పట్టదు కాబట్టి ఎస్కెల్‌ని ఎంచుకున్నారనీ షోరన్నర్ (సిరీస్ మొత్తాన్ని నడిపే పెద్ద) లారెన్ హిస్రిచ్ తర్వాత వివరించారు. తర్కం అర్థమైంది. కానీ సిరీస్ మాత్రమే చూసేవాడికి ఎస్కెల్ కూడా ఆ రోజే పరిచయమైనవాడు కదా. పట్టింది పుస్తకం చదివినవాళ్లకే, అదీ కోపంగా. 'ది వీల్ ఆఫ్ టైమ్' మొదటి ఎపిసోడ్‌లో ముఖ్యపాత్రల్లో ఒకడైన పెర్రిన్‌కి పుస్తకంలో లేని భార్యని ఇచ్చి, అతని చేతే పొరపాటున చంపించడం కూడా నా లెక్కలో ఈ ఖాతాలోకే వస్తుంది. తన బలం అంటే తనకే భయం అన్న సంగతి చెప్పడానికి ఒక మనిషిని పుట్టించి, ఆ గంటలోనే పూడ్చేశారు.

అపోహ: చిన్న పాత్రే కదా, తీసేస్తే ఏం పోతుంది?

ఇది ప్రేక్షకుల అపోహ కాదు, మాది.

వాస్తవం: మార్టిన్ రాసిన 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' మూల పుస్తకంలో రాణి హెలేనాకి మేలోర్ అనే చిన్న కొడుకు ఉన్నాడు. అంతఃపురంలో దూరిన హంతకులు ఇద్దరు కొడుకుల్లో ఎవరు చావాలో నువ్వే చెప్పు అంటారు. ఆమె చిన్నవాడి పేరు చెబుతుంది. వాళ్లు మీ అమ్మ నిన్నే చావమంది అని చిన్నవాడికి చెప్పి, పెద్దవాణ్ణి చంపి పోతారు. ఆ తర్వాత ఆ తల్లి ఆ పిల్లాడి మొహం ఎలా చూస్తుంది? ఆమె పతనం అంతా అక్కడినుంచే మొదలవుతుంది. సిరీస్‌లో మేలోర్ లేడు. కవల పిల్లల్లో మగపిల్లాడు ఎవరో ఆమె చూపిస్తుంది, అంతే.

రెండేళ్ల పిల్లాడితో షూటింగ్ ఎంత యాతనో చేసినవాళ్లకి తెలుసు. గంటలు తక్కువ, ఏడుపు ఎక్కువ. కాబట్టి ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లని నేను వెక్కిరించను. 2024 సెప్టెంబరులో మార్టిన్ తన బ్లాగులో, ఈ పిల్లాడు లేకపోవడం తర్వాత ఎన్నిచోట్ల తగులుతుందో వరుసగా రాశారు. కొద్దిసేపటికే ఆ పోస్ట్ కనపడకుండా పోయింది. అది చదివిన వారంలో మేం మా స్క్రిప్ట్‌లోంచి ఎప్పుడో తీసేసిన ఒక చెల్లెల్ని వెనక్కి తెచ్చాం. ఆమెకి ఇప్పటికీ రెండే సీన్లు.