ఇరకం, శ్రీహరికోట, తూపిలిపాళెం: జనం లేని తీరానికి వెళ్లేముందు అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో తెల్లవారుజామున బయల్దేరి, రాత్రికి ఇంటికొచ్చేలా ఏదైనా దీవి చూసొద్దామనుకునే వాళ్ల నోట ఈ మూడు పేర్లే వినిపిస్తాయి. మూడూ ఒకే రకం చోట్లనుకోవడంతోనే సగం తిప్పలు మొదలవుతాయి.

అపోహ: ఇరకం దీవిలో మంచి బీచ్ ఉంటుంది.

ఇరకం ఉన్నది సముద్రంలో కాదు, పులికాట్ సరస్సులో. తడ దగ్గరి భీములవారిపాళెం రేవు నుంచి పడవెక్కాలి. చుట్టూ ఉండేవి ఉప్పు కలిసిన నిలకడ నీళ్లు, అడుగున బురద. అలల్లో ఆడుకోవచ్చని పిల్లలకు ఆశపెట్టి తీసుకెళితే దారంతా అలకలే. పక్షులు, పడవ ప్రయాణం, చేపల వలలు కావాలంటే మాత్రం దగ్గర్లో ఇంతకన్నా మంచి చోటు లేదు. అది ఖాళీ దీవి కూడా కాదు, మత్స్యకారుల ఊరు. ఆరేసిన వలల మీద నడవడం, ఇళ్ల ముందు అడక్కుండా ఫొటోలు తీయడం వద్దు.

సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఇసుక దిబ్బలా పరుచుకున్న అసలు సముద్రపు దీవి శ్రీహరికోట. 1971లో తొలి రాకెట్ ఎగిరింది అక్కడే. అది ఇస్రో చేతిలో ఉంది, అక్కడి బీచ్‌లోకి సందర్శకులను పంపరు. "గేటు దగ్గర అడిగితే వదులుతారంట" అన్న మాట నమ్మి వెళితే పెట్రోలు దండగ. ప్రయోగం చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని గ్యాలరీకి వెళ్లాలి. మిగతా రోజుల్లో సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద, అటకానితిప్ప వైపు ఆగి పక్షుల్ని చూసి తిరిగొచ్చేయండి.

ఇసుక, అలలు కావాలంటే వాకాడు మండలం తూపిలిపాళెం వెళ్లాలి. అది దీవి కాదు గానీ మామూలు రోజుల్లో నిశ్శబ్దంగానే ఉంటుంది. అక్కడ జాగ్రత్త అవసరమైందీ ఆ నిశ్శబ్దం వల్లే: జనం లేని చోట మునిగిపోతున్న మనిషిని చూసేవాడూ ఉండడు.

అపోహ: సరస్సు లోతు లేదు, లైఫ్ జాకెట్ ఎందుకు?

పులికాట్ సగటు లోతు సుమారు ఒక మీటరే. కానీ పడవలు తిరిగే కాలువల్లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది, బురదలో కాలు దిగబడితే ఈత వచ్చినవాడూ పైకి రాలేడు. 2011 డిసెంబర్ 25న ఇదే సరస్సు తమిళనాడు వైపు, పళవేర్కాడు దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు.

జాకెట్ భుజాన తగిలించుకుంటే చాలదు. బకిళ్లన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడగానే జారిపోతుంది. పెద్దవాళ్లది పిల్లలకు తొడగొద్దు, బరువును బట్టి వాళ్ల సైజు అడగండి. లేకపోతే ఆ పడవ ఎక్కొద్దు.

ఫ్లెమింగోల గుంపు కనబడగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు లేస్తారు. పడవ ఒరిగేది అప్పుడే. ఇక మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి బలపడుతుంది, పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు తిరుగు ప్రయాణంలో నెత్తిన చిమ్ముతాయి. అందుకే ఎన్ని గంటలకు తిరిగి ఎక్కుతారో సరంగుతో వెళ్లేటప్పుడే ఖరారు చేసుకోండి.

అపోహ: సముద్రంలో అలలు లేని చోట దిగితే భద్రం.

ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ నమ్మకమే. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ ఒక సన్నటి దారి చూసుకుని వెనక్కి పరుగెత్తుతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే పట్టీ అదే. బాగా బలంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్ల వేగంతో లాగుతుంది, గజ ఈతగాడూ దానికి ఎదురీదలేడు.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పట్టీ దాటాక అలలతో పాటు బయటికి రండి. చూస్తున్నవాళ్లు చేయి చేయి పట్టుకుని గొలుసుగా దిగొద్దు, ఒక్కరు జారితే అందరూ పోతారు. మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల బాటిల్‌ను 15 మీటర్ల తాడుకు కట్టి, వెళ్లగానే ఒడ్డున సిద్ధంగా పెట్టుకుని, అవసరమైతే అది విసరండి.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేసేవాళ్లకు ఇంకో మాట. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు ఎక్కువ, పైగా అది ఈశాన్య రుతుపవనాల కాలం. చెంబుతో తలమీద పోసుకున్నా పుణ్యం ఎక్కడికీ పోదు. సముద్ర హెచ్చరికలు ఇచ్చే కేంద్ర సంస్థ ఇంకాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజైతే ప్రయాణమే మానుకోండి.

అపోహ: మునిగిన మనిషిని బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

వద్దు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100-120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు. మనిషి లేచి మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవ్వొచ్చు.

చిన్నవి కొన్ని

మబ్బు పట్టినా చర్మం కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ రాసేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, తలకు తువ్వాలు చుట్టుకోవాలి.

తోకలో ముల్లుండే టేకు చేప బురదలో పడుకుంటుంది. కాలెత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే అదే తప్పుకుంటుంది. గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

ఫ్లెమింగోలు ఇక్కడ గుడ్లు పెడతాయనుకుంటారు. మేతకే వస్తాయి. గూళ్లు కట్టేది నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు). మేస్తున్న ఫ్లెమింగోల దగ్గరికి పోయి లేపితే వాటి తిండి వేళ మనం తిన్నట్టే.

తిండి సంగతికొస్తే, పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. కొబ్బరి చట్నీ మధ్యాహ్నానికే పాడవుతుంది. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలపండి. నీళ్లు మనిషికి 3 లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు.

తడ సరిహద్దులో ఫోన్ తమిళనాడు టవర్ అందుకోవచ్చు. 108కో 112కో చేస్తే కాల్ అటు కలవచ్చు కాబట్టి మొదటి మాటే "ఆంధ్ర, తిరుపతి జిల్లా, తడ మండలం" అని చెప్పండి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.