స్ప్లిటర్ ఎవరి కోసం? ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్‌లో ఫిల్టర్ కథ

బీఎస్‌ఎన్‌ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు, మోడెంతో పాటు అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా ఒకటి ఇంటికొచ్చేది. పేరు స్ప్లిటర్, లోపల ఉండేది ఫిల్టర్. దానికి మూడు కన్నాలు: లైన్, ఫోన్, మోడెం. లైన్‌మ్యాన్ దాన్ని బిగించి వెళ్లిపోయేవాడు. చాలామంది అది ఇంటర్నెట్ సామాననే అనుకున్నారు. నిజానికి మోడెంకు ఆ డబ్బాతో పెద్దగా పని లేదు, అది కావలసింది ఫోన్‌కు. ఫోన్ తగిలించని లైన్‌కు స్ప్లిటర్ లేకపోయినా ఏమీ కాదు. ఫోన్లున్న ఇంట్లో మాత్రం ఒక్కదానికి ఫిల్టర్ లేకపోయినా లైనంతా ఇబ్బంది పడుతుంది.

అంతకుముందు డయలప్‌కు ఈ తంటా లేదు. ఆ మోడెం మాట నడిచే దారిలోనే కూతలు పెట్టేది కాబట్టి, నెట్‌లో ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజే. టెలిఫోన్‌లో మాట 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య నడుస్తుంది. ఆ పైన రాగి తీగ చాలావరకు ఖాళీ. ఆ ఖాళీని వాడుకోవాలనీ, ఇంటికి వచ్చే వైపు ఎక్కువ, వెళ్లే వైపు తక్కువ వేగం పెడితే చాలనీ 1980ల చివర్లో అమెరికాలోని బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో జోసెఫ్ లెక్‌లైడర్ వాదించాడు. ఆ ఖాళీని వందల సన్నటి పాయలుగా చీల్చి డేటా పంపే పద్ధతిని స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చియోఫీ బృందం ఆచరణలో పెట్టింది. 1995లో అమెరికన్ ప్రమాణంగా, 1999లో అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణంగా వచ్చిన ఏడీఎస్‌ఎల్ ఇదే. ఒక్కో పాయ వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్. సుమారు 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా అప్‌లోడ్, అక్కడి నుంచి 1,104 దాకా డౌన్‌లోడ్. దాని తర్వాతి రూపమైన ఏడీఎస్‌ఎల్2ప్లస్‌లో ఈ హద్దు 2,208కి జరిగింది.

మరి 4 కిలోహెర్ట్జ్ కిందున్న ఫోన్‌కు, 26 పైనున్న మోడెంకు గొడవెందుకు? ఫోన్‌కు తన హద్దు తెలియదు కాబట్టి. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు కూడా పాత ఫోన్‌లో గంట సర్క్యూట్ కెపాసిటర్ లైన్‌కు అడ్డంగా వేలాడుతూ పై ఫ్రీక్వెన్సీలను మింగుతుంది. రిసీవర్ ఎత్తగానే లైన్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు అది చూపే అడ్డు, ఒక్కసారిగా మారిపోతుంది. అప్పటిదాకా ఆ లైన్‌కు సర్దుకుని ఉన్న మోడెం తడబడుతుంది. ఇంకోపక్క ఫోన్ లోపలి డయోడ్లు పై ఫ్రీక్వెన్సీలను ఒకదానితో ఒకటి కలిపి వినపడే శబ్దంగా మారుస్తాయి. మాట్లాడుతుంటే వెనక సుయ్‌మని వినిపించేది అదే. గంట మోగేటప్పుడైతే లైన్ మీద 48 వోల్టుల డీసీకి తోడు 75 వోల్టుల ఏసీ వచ్చి పడుతుంది, ఎత్తిన క్షణంలో ఆ కుదుపు వేరే.

దీనికి విరుగుడు అప్పటికే పాతది. ఒకే తీగ మీద అనేక సంభాషణలు పంపడానికి ఏటీ అండ్ టీ ఇంజినీరు జార్జ్ క్యాంప్‌బెల్ కాయిళ్లు, కెపాసిటర్లతో చేసిన ఫిల్టర్‌కు 1917లోనే పేటెంట్ వచ్చింది. మన డబ్బాలో ఉన్నదీ ఆ జాతిదే. లెక్క చూడండి. 10 మిల్లీహెన్రీల కాయిల్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 63 ఓములే అడ్డుకుంటుంది, 100 కిలోహెర్ట్జ్ దగ్గర 6,283 ఓములు. 22 నానోఫారడ్ల కెపాసిటర్ దీనికి తలకిందులు: 1 కిలోహెర్ట్జ్ దగ్గర 7,234 ఓములు, 100 దగ్గర 72. కాయిల్‌ను ఫోన్ దారిలో, కెపాసిటర్‌ను దాని వెనక రెండు తీగలకూ అడ్డంగా పెడితే మాట నేరుగా పోతుంది. పై ఫ్రీక్వెన్సీలను కాయిల్ ఆపుతుంది, తప్పించుకున్న కాస్తనూ కెపాసిటర్ రెండు తీగల మధ్యే మళ్లించి ఫోన్ దాకా పోనివ్వదు. ఇలాంటి మెట్లు రెండు మూడు వరసగా ఉంటాయి. రెండు తీగలూ సమతూకంగా ఉండాలి కాబట్టి కాయిల్ రెండు వైపులా చుడతారు. మోడెం కన్నానికి మాత్రం చాలా డబ్బాల్లో లైన్ తిన్నగా వెళ్లిపోతుంది.

చవక ఫిల్టర్ ఎక్కడ దొరికిపోతుందంటే, రిసీవర్ ఎత్తినప్పుడు. అప్పుడు లైన్‌లో 20 నుంచి 40 మిల్లీఆంపియర్ల డీసీ పారుతుంది. కాయిల్ మధ్యలో ఉండే అయస్కాంత పదార్థపు ముక్క, ఫెరైట్ కోర్, చిన్నదైతే ఆ కరెంటుకే నిండిపోయి కాయిల్ తన పని మానేస్తుంది. పెట్టేసి ఉన్నంతసేపూ బాగుండి, మాట్లాడితేనే నెట్ పోతుందంటే అనుమానించవలసిన వాటిలో ఇదొకటి.

మొదట ఈ స్ప్లిటర్‌ను ఇంటి గుమ్మం దగ్గరే, తీగ లోపలికి వచ్చే చోట టెక్నీషియన్ బిగించాలనుకున్నారు. ఇంటింటికీ మనిషిని పంపడం కంపెనీలకు భారమైంది. 1998 జనవరిలో కంపాక్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ అమెరికన్ ఫోన్ కంపెనీలతో కలిసి స్ప్లిటరే అక్కర్లేని ఏడీఎస్‌ఎల్ కోసం జట్టు కట్టాయి. జీ.లైట్ అనే ఆ ప్రమాణం 1999లో వచ్చింది. హద్దు 552 కిలోహెర్ట్జ్, డౌన్‌లోడ్ సెకనుకు 1.5 మెగాబిట్లు. రిసీవర్ ఎత్తినప్పుడల్లా మోడెం త్వరగా మళ్లీ సర్దుకునే ఏర్పాటూ చేశారు. అయినా ఇళ్లలో ఫోన్లు ఒకటొకటి ఒక్కోలా ఉన్నాయి, కొన్నిటితో శబ్దం, కొన్నిటితో తెగిపోవడం. చివరికి ఒక్కో ఫోన్‌కు ఒక చిన్న ఫిల్టర్ చొప్పున వాడేవాడే పెట్టుకునే మైక్రోఫిల్టర్ పద్ధతి నిలిచింది. ప్రమాణం రాసి ఫిల్టర్‌ను తప్పించాలని చూస్తే, అది రూపం మార్చుకుని వెనక్కొచ్చింది.

మన ఇళ్లలో గొడవంతా పారలల్ ఫోన్లతో వచ్చింది. లైన్ వచ్చి చేరే గోడ పెట్టె, రోజెట్, దగ్గర నుంచి పడకగదికి ఒక తీగ, మేడ మీదికి ఒకటి. స్ప్లిటర్ హాల్లో పెట్టి పడకగది ఫోన్‌ను రోజెట్‌లోనే వదిలేస్తే ఆ ఫోన్‌కు ఫిల్టర్ లేనట్టే. రోజెట్ నుంచి ముందు స్ప్లిటర్ లైన్ కన్నానికి రావాలి, ఫోన్లన్నీ దాని ఫోన్ కన్నం తర్వాతే చీలాలి. ఫ్యాక్స్, కాలర్ ఐడీ పెట్టె, ఆఫీసుల్లో ఫోన్లను కలిపే ఈపీఏబీఎక్స్ అన్నీ ఫోన్ల లెక్కే. మోడెంను పొరపాటున ఫోన్ కన్నంలో పెడితే ఏడీఎస్‌ఎల్ లైటు మిణుకుమంటూనే ఉంటుంది. ఫోన్ తీసేసి తీగను అలాగే వదిలేయడం కూడా తప్పే. సుమారు 45 మీటర్ల వృథా తీగ 1.1 మెగాహెర్ట్జ్ దగ్గర, 23 మీటర్లది 2.2 దగ్గర సిగ్నల్‌లో గొయ్యి తవ్వుతుంది.

ఒక ఫోన్ కన్నాన్ని రెండు చేసే ఆర్‌జే11 అడాప్టర్‌ను కూడా కొట్టువాళ్లు స్ప్లిటర్ అనే అమ్మేవారు. మల్టీమీటర్‌తో లైన్‌కు, ఫోన్ కన్నానికి మధ్య చూస్తే తేలిపోతుంది: కాయిల్ తీగ వల్ల ఫిల్టర్ కొన్ని ఓములు చూపిస్తుంది, అడాప్టర్ దాదాపు సున్నా.

లోపం ఎక్కడో తేల్చాలంటే ఫోన్లన్నీ ఊడదీసి, మోడెంను నేరుగా రోజెట్‌కు పెట్టాలి. మోడెం సెట్టింగుల పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ (రొద మీద సిగ్నల్‌కు మిగిలిన వెసులుబాటు) 6 డెసిబెల్స్‌కు పైన నిలిచి లైన్ తెగకపోతే లోపం ఇంట్లోదే. ఇక ఫోన్లను ఒక్కొక్కటిగా ఫిల్టర్‌తో కలుపుతూ రావాలి. మోడెం ఆపేసినా గరగర పోకపోతే ఫిల్టర్ చాలావరకు నిర్దోషి, ఇంటికి వచ్చే డ్రాప్ వైర్ జాయింట్లోనో, స్తంభం మీది పంపిణీ పెట్టె డీపీలోనో తడి చేరి ఉండొచ్చు. నెట్ బాగానే ఉండి డయల్ టోన్ మాత్రం పోతే ఎక్స్ఛేంజ్ వైపు కూడా చూడాలి. అక్కడ ఇళ్ల మోడెంలతో మాట్లాడే డీశ్లామ్ యంత్రం పక్కన ఇంకో స్ప్లిటర్ ఉంటుంది, తీగలన్నీ చేరే ఎండీఎఫ్ చట్రంలో దాని నుంచి ఫోన్ స్విచ్‌కు వెళ్లే జంపర్ తీగ ఊడినా ఇదే లక్షణం.

ఇప్పుడు రాగి పోయి ఫైబర్ వచ్చిన ఇళ్లలో ఫైబర్ మోడెం (ఓఎన్‌టీ) మీది ఫోన్ కన్నంలో మాట తప్ప మరేమీ ఉండదు, పాత డబ్బా అక్కడ దండగ. ఫైబర్ వాళ్లు స్తంభం మీద స్ప్లిటర్ ఉందంటే మాత్రం అది వేరే వస్తువు, ఒక వెలుగును అనేక ఇళ్లకు పంచే గాజు పోగుల పెట్టె.