నల్ల కారు చల్లబడాలంటే అంగుళం ఖాళీ కావాలి

పాత కార్లను ప్రేమగా చూసుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కారు నలుపు. ఎండలో కాసేపు నిలిపితే లోపల కూర్చోలేకపోతున్నాం. రంగు మార్పించాలా?"

అక్కర్లేదు. రంగుది తప్పు లేదని కాదు, మనం అనుకున్నంత లేదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వాళ్లు ఒకే మోడల్ కార్లు రెండు తీసుకుని, నల్లదాన్నీ వెండిరంగుదాన్నీ ఎండలో నిలిపి కొలిచారు. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. పైకప్పు రేకు వేడిలో తేడా 25 డిగ్రీల సెల్సియస్ దాకా వచ్చింది. లోపలి గాలిలో తేడా 5, 6 డిగ్రీలే. మిగతా వేడి అద్దాల్లోంచి వస్తోంది. సూర్యకాంతి నిటారుగా పడే చోట చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. రంగు వేయని మామూలు అద్దం అందులో మూడొంతులకు పైగా లోపలికి వదులుతుంది. నల్ల రెక్సిన్ సీట్లూ, రేకు డాష్‌బోర్డూ దాన్ని పీల్చుకుని లోపలి గాలిని కాగబెడతాయి. అందుకే నిలిపిన కారుకు మొదటి మందు అద్దాలకు తెర. లోపలి తెరకన్నా అద్దం బయట కప్పే తెర మేలు, ఎండను గాజు దాటకముందే ఆపుతుంది కాబట్టి. కిటికీ రెండు వేళ్లు దించి పెడితే చాలన్న నమ్మకం మాత్రం నిలవదు. 2005లో అమెరికాలో పిల్లల వైద్య పత్రికలో వచ్చిన కొలతల ప్రకారం, మూసిన కారులో గంటలో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. కిటికీ కాస్త తెరిచినా ఆ వేగం పెద్దగా తగ్గదు.

ఇక రంగు సంగతి. బడిలో "నలుపు వేడిని పీల్చుకుంటుంది, తెలుపు తిప్పికొడుతుంది" అని చెప్పి వదిలేస్తారు. రెండో సగం చెప్పరు. వేడెక్కిన వస్తువు తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా బయటికి వదులుతుంది. ఆ పనిలో తెల్ల పెయింటూ నల్ల పెయింటూ దాదాపు సమానమే. రెండింటి ఉద్గారత (వేడిని కిరణాలుగా వదిలే సత్తా, సున్నా నుంచి ఒకటి దాకా కొలత) 0.9 దరిదాపుల్లో ఉంటుంది. తేడా అంతా ఎండను పీల్చుకోవడంలోనే: నలుపు 95 శాతం, మంచి తెలుపు సుమారు 30 శాతం. గాలి 35 డిగ్రీలున్న రోజు, పెద్దగా గాలి ఆడని చోట, లెక్క వేస్తే నల్ల పైకప్పు 80 దాటుతుంది, తెల్లది 50 దగ్గర ఆగుతుంది. క్రోమ్ బంపరు ఇంకో వింత. అద్దంలా మెరుస్తూ ఉన్నా ఎండలో చెయ్యి పెట్టలేం. ఎండలో 40 శాతం దాకా పీల్చుకుంటుంది గానీ, పరారుణాన్ని వదలడంలో మహా పిసినారి, ఉద్గారత 0.1 దగ్గరే. వచ్చిన వేడి పోయే దారి లేక కాగిపోతుంది.

ఆ పిసినారితనమే మనకు కావలసింది.

పాత కారు పైకప్పు కింద ఏముందో చూడండి. మిల్లీమీటరు లోపు మందం ఉక్కు రేకు, దాని కింద అంగుళం అటూ ఇటూ ఖాళీ, ఆ కింద వంపు కడ్డీల మీద సాగదీసి కట్టిన హెడ్‌లైనర్ గుడ్డ. చాలా పాత కార్లలో ఇంతే, మరే అడ్డూ లేదు. 80 డిగ్రీల రేకు నుంచి గుడ్డకు వేడి ఎలా చేరుతుంది? గాలి ద్వారా అనుకుంటాం. కానీ వేడి పైన, చల్లదనం కింద ఉన్నప్పుడు గాలి కదలదు. వేడిగాలి తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది. కదలని గాలి మంచి అడ్డుగోడ. లెక్క వేస్తే, ఆ అంగుళం ఖాళీలో ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 8 వాట్లు దిగుతుంది. అందులో గాలి మోసేది ఒక్క వాటు. మిగతా 7 వాట్లూ వికిరణం. రేకు తన అడుగు భాగం నుంచి గుడ్డ మీదికి కురిపించే పరారుణం.

ఇప్పుడు రేకు అడుగున మెరిసే అల్యూమినియం పొర, ఉద్గారత 0.05 ఉన్నది, నేలవైపు చూసేలా అతికించండి. పొర కూడా 80 డిగ్రీలకు కాగుతుంది. అయినా ఆ వేడిని కురిపించలేదు. 7 వాట్లు అర వాటుకు పడిపోతాయి, మొత్తం 8 కాస్తా ఒకటిన్నర అవుతుంది. ఒకే రకం కిరణాల విషయంలో మంచి పీల్చుకునేదే మంచి వదిలేదీ అని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ 1859లో చెప్పిన సూత్రం ఇక్కడ తిరగేసి పనిచేస్తోంది. ఫ్లాస్కులో వెండిపూత చేసేదీ ఇదే. అందులో పూత ముందు శూన్యం ఉంటుంది, మన కారులో కదలని గాలి.

ఆ ఖాళీయే ప్రాణం. పొర గుడ్డకు తగిలిందో, అల్యూమినియం మంచి ఉష్ణవాహకం కాబట్టి వేడిని నేరుగా గుడ్డకు అందిస్తుంది. రెండు పొరల మధ్య ఇరికించి అతికించిన "రిఫ్లెక్టివ్" షీట్లన్నీ ఇందుకే వృథా. పొర పైకి చూస్తే దుమ్ము పడి మెరుపు పోతుంది, కిందికి చూస్తే ఏళ్ల తరబడి శుభ్రంగా ఉంటుంది.

పని చేసే తీరు ఇది. హెడ్‌లైనర్ విప్పేటప్పుడు వంపు కడ్డీలకు ముందు నుంచి వెనక్కి వరుస అంకెలు వేయండి. ఒక్కోదాని వంపు వేరు, తారుమారైతే గుడ్డ మడతలు పడుతుంది. తుప్పు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, ఎపాక్సీ ప్రైమరు కొట్టి ఆరనివ్వండి. మోత తగ్గాలంటే బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీటు ముక్కలు రేకు మధ్యభాగంలో నాలుగో వంతు మేర అతికిస్తే చాలు, రోలరుతో గట్టిగా అదమాలి. బ్యూటైల్ శబ్దానికే, వేడికి కాదు. చవగ్గా దొరికే తారు షీట్లు వద్దు. నల్ల పైకప్పు వేడికి మెత్తబడి జారతాయి, వాసన వదలదు. బ్యూటైల్ మీద 6 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ (నీరు పీల్చని) ఫోము, నేలవైపు చూసే ముఖాన అల్యూమినియం పూత ఉన్నది. స్పాంజిలా నీరు పీల్చే ఫోమూ, జనపనార మెత్తలూ వాడకండి, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. జిగురు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు: మామూలు స్ప్రే జిగురు 60, 70 డిగ్రీలకే వదులుతుంది. హెడ్‌లైనర్ కోసం చేసిన, ఎక్కువ వేడికి నిలిచే జిగురే కొనండి. చివరగా లోపలి దీపం తీగలు. పాత గుడ్డ తొడుగు పెళుసుబారి ఉంటుంది, అల్యూమినియానికి తగిలితే షార్ట్ సర్క్యూట్. కొత్త తొడుగు వేసి, తీగ చుట్టూ రెండంగుళాలు పొర కత్తిరించండి.

రేకు 80, లోపల 45 డిగ్రీలుంటే పైకప్పు నుంచి దిగే వేడి ఈ పనితో సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఎలాగూ కారుకు రంగు వేయించాల్సి వస్తే ఒక్క మాట. ఎండలో సగానికి పైగా శక్తి కంటికి కనిపించని పరారుణంలో ఉంది. మామూలు నలుపులోని కార్బన్ బ్లాక్ (మసి లాంటి పొడి) దాన్నీ మింగేస్తుంది. పెరిలీన్ బ్లాక్ లాంటి వర్ణకాలు పరారుణాన్ని తమగుండా పోనిస్తాయి. కింద తెల్ల ప్రైమరు ఉంటే అది తిప్పి పంపుతుంది. బూడిదరంగు ప్రైమరు వేస్తే ఆ ఖర్చు దండగ.

కారు కదిలితే కథ మారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికి నల్ల పైకప్పు కూడా బయటి గాలికన్నా పది, పదిహేను డిగ్రీలే ఎక్కువుంటుంది. అయినా కాళ్లు కాలుతుంటే పెయింటును అనకండి, ఫైర్‌వాల్ (ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకు గోడ) వైపు చూడండి. అందరూ మరిచేది హీటరు వాల్వు. మూసినట్టే ఉండి కొద్దిగా కారితే, 85, 90 డిగ్రీల నీరు డాష్‌బోర్డు కింద రేడియేటరులా తిరుగుతూనే ఉంటుంది. ఇంజను కాగాక, హీటరు కట్టేసి, హీటరు పైపులు ఫైర్‌వాల్ దగ్గర పట్టుకుని చూడండి. వెళ్లేదీ వచ్చేదీ రెండూ వేడిగా ఉంటే వాల్వు కారుతున్నట్టే. వెళ్లే పైపు మీద ఒక చేతి వాల్వు బిగించి వేసవంతా మూసేయండి. ఫైర్‌వాల్ రంధ్రాలకు తొడిగిన రబ్బరు గ్రొమెట్లు (రింగులు) ఎండిపోతే మార్చండి; పెడల్ కడ్డీల చుట్టూ ఉన్న సందుల్లోంచి ఇంజను గాలి నేరుగా కాళ్ల మీదికి వస్తుంది.

సైలెన్సరు గొట్టం పైన నేల రేకుకు అడుగున అల్యూమినియం కవచం బిగించేటప్పుడు కూడా ఖాళీ సూత్రమే: రేకుకు అతికించకుండా, స్పేసర్ల మీద 10, 15 మిల్లీమీటర్ల ఎడంతో, అటూ ఇటూ గాలి పారేలా ఉండాలి. ఆ భాగంలో లోపలి వైపు పాలిథీన్ ఫోము పెట్టవద్దు, 110 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది. గాజునార మెత్త వేసి, దాని మీద తివాచీ పరవండి.