సైబీరియా పక్షులు అనే ముందు: మన తీరంలో చలికాలపు పక్షులపై అపోహలు – వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే నా ఫోనుకు పక్షుల ఫొటోలు వరస కడతాయి. చెరువు మధ్య తుమ్మచెట్టు, కొమ్మ మీద పొడుగు ముక్కు పక్షి, కింద ఒకటే ప్రశ్న: “మాస్టారూ, ఇది సైబీరియా నుంచి వచ్చిందేనా?” కాకినాడ చుట్టుపక్కల బురద నేలల్లో, ఉప్పుమళ్ళ గట్ల మీద ఇరవై ఏళ్లుగా పక్షులను చూస్తున్నాను. కొత్తవారిని వెంటబెట్టుకుని తిప్పుతున్నాను. ఏటా జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కింపులో పాల్గొంటున్నాను. ఈ దారిలో నాకు పదే పదే ఎదురైన అపోహలను ఇక్కడ రాస్తున్నాను. వీటిలో రెండు మూడు ఒకప్పుడు నేను కూడా గట్టిగా నమ్మినవే.

అపోహ: చలికాలంలో గుంపులుగా కనిపించే పెద్ద పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయి.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, కొల్లేటి ఆటపాకలో గూళ్లు కట్టుకునే గూడబాతులకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. ఇవి భారత్, శ్రీలంక, కంబోడియా వంటి వేడి దేశాల పక్షులు. వాటి పక్కనే గూళ్లు పెట్టే రంగు కొంగలు, నత్తలు తినే గుల్లకొంగలు కూడా అంతే. వానలకు చెరువులు నిండి చేపలు, నత్తలు పెరిగాక పిల్లలను సాకడం సులువు కనుక ఆ సమయానికి వస్తాయి. నీరు తగ్గగానే దేశంలోనే మరో చోటికి సర్దుకుంటాయి. తేలినీలాపురం వాళ్లు వీటిని పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ పోలిక నాకు ఎంతో ఇష్టం. సైబీరియా కథ కంటే అదే నిజానికి దగ్గర, ఎందుకంటే ఆ పక్షులు పుట్టింది నిజంగా ఇక్కడే.

పులికాట్ ఫ్లెమింగోలది ఇంకో కథ. అవి అక్కడికి తిండికోసం వస్తాయి, గూళ్లు కట్టవు. మన దేశంలో వాటి ప్రధాన పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. గులాబి గుంపు మధ్య బూడిద రంగులో కనిపించేవి వేరే జాతి కాదు, ఇంకా రంగు తిరగని పిల్లలు. తినే తిండిలోని రంగు పదార్థం ఒంట్లో చేరే కొద్దీ వాటికి గులాబి ఛాయ వస్తుంది.

మరి సైబీరియా నుంచి వచ్చేవే లేవా? ఉన్నాయి, మన కాళ్ల ముందే ఉన్నాయి. పోటు తీసిన బురదలో ఎలుకపిల్లల్లా పరుగులు తీసే లిటిల్ స్టింట్‌ను చూడండి. బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ, అంటే చేతిలోని నిమ్మకాయ కంటే తేలిక. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువం అంచున ఉన్న చెట్లు లేని మంచు మైదానాల్లో. దాని పక్కన, ముక్కు కొద్దిగా కిందికి వంగి ఉన్న కర్లూ శాండ్‌పైపర్ కూడా అక్కడి నుంచే వస్తుంది. గోదావరి మొగ దగ్గర చలికాలం గడిపే గ్రేట్ నాట్ ఈశాన్య సైబీరియా కొండల పక్షి. ఇప్పుడది ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన ఈ చిన్న ప్రాణులను ఎవరూ ఫొటో తీయరు. ఈ ఒక్క మాట చెప్పడానికైనా నేను ప్రతి ఏడూ జనాన్ని బురద దాకా తీసుకువెళతాను.

అన్నట్లు, హార్బరులో పడవల వెంట తిరిగే బ్రౌన్ హెడెడ్ గల్‌ను అందరూ విదేశీ పక్షి అంటారు. దాని జాతి టిబెట్ పీఠభూమి చెరువుల్లోనే కాదు, మన లడఖ్‌లో కూడా గూళ్లు కడుతుంది.

అపోహ: రంగు చూసి పక్షిని గుర్తుపట్టవచ్చు.

వాస్తవం: అడవి పక్షుల దగ్గర రంగు చాలావరకు సాయపడుతుంది. చలికాలపు తీరంలో మాత్రం మోసం చేస్తుంది. ఇక్కడికి వచ్చే తీరపు పక్షులలో ఎక్కువ శాతం తమ పెళ్లి బట్టలు ఉత్తరాదిన విడిచి, పైన బూడిద, కింద తెలుపుతో దిగుతాయి. బ్లాక్ హెడెడ్ గల్‌కు చలికాలంలో నల్ల తలే ఉండదు, చెవి దగ్గర ఒక మచ్చ మిగులుతుంది. బ్రౌన్ హెడెడ్ గల్‌కూ అలాంటి మచ్చే ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయాలంటే రెక్క చివర చూడాలి: నల్లని కొసలో తెల్లని గుండ్రటి మచ్చలుంటే బ్రౌన్ హెడెడ్. ఎదిగిన పక్షి అయితే దాని కన్ను కూడా పాలిపోయి ఉంటుంది, రెండోదాని కన్ను నలుపు.

రంగు పక్కన పెట్టి నేను చూసేవి ఇవి. ముందు, పక్కనున్న తెలిసిన పక్షితో పోలిస్తే పరిమాణం ఎంత? ముక్కు పొడవు తలకు ఎన్ని రెట్లు, ఎటు వంగింది? కాళ్లు పొడుగా, పొట్టా? అన్నిటికంటే ముఖ్యం, తిండి ఎలా తింటోంది? ప్లోవర్ నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, చూస్తుంది, ఒక్క పోటు పొడుస్తుంది. పెద్ద కళ్లతో వేటాడే పక్షి కనుక దానికి ఆగడం అవసరం. శాండ్‌పైపర్లు అలా ఆగవు. ముక్కుతో బురదను తడుముకుంటూ, గుచ్చుకుంటూ పోతాయి. టెరెక్ శాండ్‌పైపర్ అయితే పైకి వంగిన ముక్కును ముందుకు చాచి, తల దించి, పొట్టి పసుపు కాళ్లతో ఎండ్రకాయల వెంట ఎటు పడితే అటు దౌడు తీస్తుంది. ఆ నడక ఒకసారి చూసినవారు వంద గజాల దూరం నుంచైనా మళ్లీ గుర్తుపడతారు.

కొన్ని గుర్తులు మన భాషలోనే మనసుకు పడతాయి. కర్లూ (కర్లూ శాండ్‌పైపర్ వేరు), విమ్‌బ్రెల్ రెండింటికీ ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. పొడవును బట్టి చెబుదామంటే లేత వయసు కర్లూ ముక్కు కూడా పొట్టిగానే ఉంటుంది. తల చూడండి. రెండు ముదురు చారల మధ్య లేత గీత, నామం దిద్దినట్లు కనిపిస్తే అది విమ్‌బ్రెల్. అలాగే గ్రే ప్లోవర్, గోల్డెన్ ప్లోవర్ నిలబడి ఉన్నప్పుడు తేల్చలేకపోతే ఎగిరేదాకా ఆగండి. గ్రే ప్లోవర్ రెక్క ఎత్తగానే చంకలో నల్లమచ్చ కనిపిస్తుంది.

అపోహ: పక్షులను చూడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి.

వాస్తవం: తీరంలో గడియారం సూర్యుడిది కాదు, సముద్రానిది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి సమయమూ మరునాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పూర్తిగా పాటు ఉన్నప్పుడు వెళితే పక్షులు కిలోమీటరు దూరాన చుక్కల్లా కనిపిస్తాయి. నీరు ఎక్కుతున్న రెండు మూడు గంటల్లో గట్టున కదలకుండా కూర్చుంటే అలలే వాటిని మన వైపు నెడతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బలంగా ఉంటుంది కనుక బురద అంతా మునిగి పక్షులు ఒకేచోట చేరతాయి. అష్టమికి నీరు మందగిస్తుంది. ఈ లెక్క తెలుసుకోవడానికి వేటకు వెళ్లే ఏ పెద్దాయన దగ్గర కూర్చున్నా చాలు.

ఇంకో సంగతి. మనది తూర్పు తీరం. ఉదయం సముద్రం వైపు చూస్తే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, ప్రతి పక్షీ నల్లని నీడే. సాయంత్రం పోటు దొరికే రోజును ఎంచుకుంటే వెలుగు మన వీపు వెనక ఉంటుంది. కాలి రంగు, కంటి రంగు కూడా కనిపిస్తాయి.

అపోహ: పుస్తకంలోని పక్షికి సరిపోలకపోతే అది అరుదైనదే.

వాస్తవం: సరిపోలని పక్షుల్లో నూటికి తొంభై తొమ్మిది మామూలువే. వయసు వేరు కావచ్చు, ఈకలు రాలుతూ ఉండవచ్చు, వెలుతురు తేడా కావచ్చు, బురద కావచ్చు. బురద అని ఊరికే అనడం లేదు.

ఒక జనవరి సాయంత్రం కుంభాభిషేకం రేవు దగ్గర మాతో వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒకడు బైనాక్యులర్ దించకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు. “సార్, చెంచా ముక్కు!” అన్నాడు. స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్ ప్రపంచంలో మిగిలినవి కొన్ని వందలే. రష్యా ఈశాన్య కొసలో పుట్టి, చలికాలానికి బంగ్లాదేశ్, మయన్మార్ తీరాల దాకా వస్తుంది. బంగాళాఖాతం మనదీ కనుక ఇక్కడ కనిపించదని చెప్పలేం. నేను స్కోపు తిప్పి చూశాను. చిన్న పక్షి, ఎదురుగా నిలబడి ఉంది, ముక్కు కొస నిజంగానే వెడల్పుగా ఉంది. నా గుండె కూడా జారింది. మాట్లాడకుండా ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. అది తల పక్కకు తిప్పింది. ముక్కు సన్నగా, సూదిలా ఉంది, కొసన ఒక బురద ముద్ద అంటుకుని ఉంది. రెండు నిమిషాల తర్వాత నీటి గుంటలో ముక్కు ముంచి విదిలించింది. ముద్ద రాలిపోయింది. లిటిల్ స్టింట్.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. కానీ వాడు ఆరోజు చేసిన పని సరైనదే. చూసింది చెప్పాడు, నిలబడి చూశాడు, మారింది ఒప్పుకున్నాడు. చెంచా ముక్కును ఎదురుగా కాదు, పక్కనుంచీ పైనుంచీ చూడాలని, అది నీళ్లలో ముక్కును అటూ ఇటూ తిప్పుతూ తింటుందని, స్టింట్ మాత్రం టకటకా పొడుచుకుంటూ తింటుందని ఆ రోజు నుంచి వాడు మరిచిపోలేదు.

అందుకే కొత్తవారికి నేను చెప్పే పని ఒకటే. మొదటి చలికాలమంతా అయిదు మామూలు పక్షులనే చూడండి: లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్, శాండ్ ప్లోవర్, రెడ్‌షాంక్, బ్రౌన్ హెడెడ్ గల్. ఎండలో, మబ్బులో, ఎగిరేటప్పుడు, నిద్రపోయేటప్పుడు చూడండి. రెండో ఏడు ఆ వేల పక్షుల మధ్య ఒక్కటి తేడాగా ఉంటే మీ కన్ను దానంతట అదే అక్కడ ఆగుతుంది. రెడ్‌షాంక్‌ల మధ్య నలుపు తెలుపులో, ఎర్రని లావు ముక్కుతో ఆయిస్టర్ క్యాచర్ నిలబడి ఉండవచ్చు. పై ముక్కు కంటే కింది ముక్కు పొడుగ్గా ఉండి, నీటిని కత్తితో కోసినట్లు ఎగిరే స్కిమ్మర్లు గోదావరి మొగలో ఇసుక తిన్నెల మీద వాలి ఉండవచ్చు. అవి చంబల్ వంటి ఉత్తరాది నదుల ఇసుకలో గుడ్లు పెట్టే పక్షులు.

అపోహ: పెద్ద కెమెరా, మంచి యాప్ ఉంటే చాలు.

వాస్తవం: ఎనిమిది రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల కటకాలున్న మామూలు బైనాక్యులర్ మొదటి అయిదేళ్లకు చాలు. యాప్‌లు నాకూ పనికొస్తాయి, కాదనను. అయితే యాప్ చెప్పేది ఊహ. ఒక్క ఫొటోలో పరిమాణం తెలియదు, నడక తెలియదు, రెక్క విప్పితే ఏముందో తెలియదు. డన్లిన్ అనే పక్షి పేరుతో నా దగ్గరికి వచ్చిన ఫొటోలలో చాలావరకు కర్లూ శాండ్‌పైపర్లే. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లని పట్టీ ఉంటే అది కర్లూ శాండ్‌పైపరే, సందేహం తీరిపోతుంది. ఫొటోకు ఆ క్షణం దొరకకపోవచ్చు, కంటికి దొరుకుతుంది. పుస్తకం తెరవకముందే చూసింది కాగితం మీద రాసుకోండి. తెరిచాక రాస్తే బొమ్మలో ఉన్నది రాస్తాం, బురదలో ఉన్నది రాయం.

అపోహ: కాలికి ఉంగరం, వీపున యంత్రం ఉంటే గూఢచారి పక్షి.

వాస్తవం: కాదు. దయచేసి పట్టుకోకండి, పంజరంలో పెట్టకండి. అవి శాస్త్రవేత్తలు వలస దారులు తెలుసుకోవడానికి తొడిగిన ఉంగరాలు, రంగు జెండాలు, సంకేతాలు పంపే పరికరాలు. 1883లో ఏర్పడిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మన దేశంలో దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. జెండా రంగులు పైనుంచి కిందికి ఏ వరసలో ఉన్నాయి, ఏ కాలికి ఉన్నాయి, అక్షరాలు ఏమిటి, తేదీ, చోటు రాసి వారికి పంపండి. ఇలాంటి పరికరం వల్లనే 2022లో ఒక బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో ఎగిరిందని లోకానికి తెలిసింది.

అపోహ: చలికాలం అంటే డిసెంబరు, జనవరి.

వాస్తవం: తొలి గుంపులు ఆగస్టు చివరికే దిగుతాయి, ఆఖరివి ఏప్రిల్ దాటాక కానీ కదలవు. ఏప్రిల్ మొదట్లో ఒక్కసారి రండి. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న కర్లూ శాండ్‌పైపర్ ఇటుక ఎరుపులోకి మారుతూ కనిపిస్తుంది.

అపోహ: కొంచెం దగ్గరికి వెళితే పక్షికి నష్టమేమీ లేదు, ఎగిరి మళ్లీ వాలుతుంది.

వాస్తవం: దీనిమీద నాకు మెతకదనం లేదు. నిండు పోటులో పక్షులు నిలబడే చోటు గజాల్లో ఉంటుంది. వాటికి అది విశ్రాంతి, మళ్లీ నీరు తీసేదాకా ఆకలిని ఓర్చుకునే సమయం. లేపిన ప్రతిసారీ తిన్న తిండి గాలిలో ఖర్చవుతుంది. మార్చిలో అయితే అది ప్రయాణానికి ఒంట్లో దాచుకున్న కొవ్వు. తుపాను తర్వాత ఒడ్డున సొమ్మసిల్లి పడి ఉన్న సముద్ర పక్షి చుట్టూ ఫోన్లతో మూగడం కూడా ఇలాంటిదే. దూరంగా నిలిచి అటవీశాఖకు చెప్పడమే దానికి సాయం.

పక్షులు తినడం ఆపి తలలెత్తాయంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆగి, మెల్లగా కూర్చోండి. పది నిమిషాల్లో తలలు మళ్లీ బురదలోకి వంగుతాయి. అప్పుడు లెక్క మొదలుపెట్టండి.