షెల్టర్ గేటు దగ్గర రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ శివారులో ఉన్న మా కుక్కల షెల్టర్‌కు పొద్దున ఏడు గంటలకే ఫోన్లు మొదలవుతాయి. "సార్, కుక్కలను మీరు తీసుకుంటారంట కదా?" అని సగం మంది అడిగేది ఇదే.

అపోహ: మనం పెంచలేకపోతే షెల్టర్‌లో హాయిగా బతుకుతుంది.

హాయి ఏమీ ఉండదు. మా దగ్గరున్నవి లారీ కింద పడి కాలు పోయినవి, కళ్లు కనబడనివి, గజ్జి పట్టినవి. పోయిన ఎండాకాలం జడ్చర్ల నుంచి ఎవరో ఆటోలో ఒక లాబ్రడార్‌ను తెచ్చి, గేటుకు కట్టేసి వెళ్లిపోయారు. మూడు రోజులు అది గిన్నె వైపు కూడా చూడలేదు. బయట ఆటో చప్పుడైతే మాత్రం లేచి గేటు దగ్గరికి పోయేది, ఆటో దాటిపోయాక మళ్లీ అక్కడే కూలబడేది. పెంపుడు జంతువును తిండీ నీళ్లూ లేక అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. జరిమానా వింటే మాత్రం నవ్వొస్తుంది: మొదటిసారైతే 10 నుంచి 50 రూపాయలు. ఆ ఆటో కిరాయే అంతకన్నా ఎక్కువై ఉంటుంది.

టీకాలు వేయని కుక్కపిల్లలనైతే అసలే తేవద్దు. వాటిని పార్వో అనే వైరస్ జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్‌కు లొంగుతుంది. మట్టిలో పడితే నెలల తరబడి బతుకుతుంది. పిల్లకు 6-8 వారాలు రాగానే తొలి టీకా వేయించాలి.

అపోహ: కుక్క కరిస్తే కారం అద్దాలి, సున్నం పెట్టాలి.

దేవరకద్ర వైపు నుంచి ఒక పెద్దాయన పిక్కకు గుడ్డ కట్టుకొని వచ్చాడు. కరిచిన కుక్కను పట్టుకుపొమ్మని చెప్పడానికి వచ్చాడు తప్ప గాయం సంగతి ఆయనకు పట్టలేదు. గుడ్డ విప్పితే లోపల ఎర్రగా కారంపొడి. "ఏడు బావులు గూడ చూసొచ్చిన సారూ, బోర్లొచ్చినంక బావులన్నీ పూడ్చిండ్రు, ఏడు దొరికేసరికి పొద్దుగూకింది" అన్నాడు. కుక్క కరిస్తే ఏడు బావుల్లోకి తొంగిచూడాలని ఊళ్లలో ఒక నమ్మకం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అట్లా తిరిగిన పూటంతా చేజారిన విలువైన సమయమే.

కరవగానే చేయాల్సింది ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. కట్టు కట్టొద్దు. తర్వాత నేరుగా సర్కారు దవాఖానకు పోవాలి. ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం కారిన గాయమైతే మొదటి రోజే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు వైరస్‌ను అడ్డుకునే మందు) కూడా కావాలి, అడిగి వేయించుకోండి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయంతో ఇప్పటికీ ఆగిపోయేవాళ్లున్నారు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం ఏ డాక్టరూ దాదాపు ఏమీ చేయలేడు. పెద్దాయన గాయం మా పంపు కింద కడిగి, బండి మీద దవాఖానకు తీసుకుపోయాం. మొత్తం డోసులు వేయించుకున్నాడు.

ఇల్లు దాటని కుక్కకు టీకా ఎందుకంటారా? గేటు సందులోంచి ఒక్క కాటు పడితే చాలు. మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా.

అపోహ: ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనాలి.

అవసరం లేదు. మొదటిసారి ఎదకు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే బాధ కూడా ఉండదు. సరైన వయసు ఏదో మీ పశువుల డాక్టర్ చెబుతారు. ఒక్క ఈతే కదా అన్నవాళ్లే 63 రోజులకు అది ఈనాక, పిల్లలను గోనెసంచిలో వేసుకొని మా గేటు దగ్గరికి వస్తారు.

అపోహ: గజ్జికి పాత ఇంజన్ ఆయిల్ రాస్తే పోతుంది.

ట్రాక్టర్ షెడ్డు పక్కన దొరికిన కుక్కల్లో ఇది ఎక్కువగా చూస్తాం. నల్లగా నిగనిగలాడుతూ వణుకుతుంటాయి. ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోయి విషమవుతుంది. గజ్జికి మంచి మందులున్నాయి, నాలుగైదు వారాల ఓపిక కావాలి, అంతే. అన్నట్టు, జ్వరమని పిల్లికి పారాసిటమాల్ వేయకండి, అర బిళ్ల కూడా ప్రాణం తీస్తుంది.

అపోహ: వీధికుక్కలను పట్టి అడవిలో వదిలేస్తే పీడ పోతుంది.

ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. బడులు, దవాఖానలు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని మాత్రం షెల్టర్లకే తరలించాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చెవికి గాటు కనిపిస్తే దానికి ఆపరేషన్ అయినట్టు.

కుక్క కావాలని వచ్చేవాళ్లను మేం ఇల్లు పెద్దదా, చిన్నదా అని అడగం. "దసరాకు ఊరికి పోతే దీన్ని ఎవరు చూస్తారు?" అంటాం. చాలామంది మొగుడూపెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. లాబ్రడార్ కోసం వచ్చిన ఇంటివాళ్లు కూడా అట్లే చూసుకున్నారు. వెనకాల నిలబడ్డ ముసలమ్మ మాత్రం, "నేనెటు పోత బిడ్డా, ఇంటికాడనే ఉంట" అంది. కాగితాల మీద ఆమెతోనే వేలిముద్ర వేయించాం.