ఆకురాయికి లొంగే ఉక్కు

పాత చేతిరంపం దొరికితే అందరి చూపూ తుప్పు మీదికే పోతుంది. ముందు చూడవలసినవి పళ్ళు. మూడు పలకల ఆకురాయితో ఒక పన్నును మెల్లగా రాయండి. ఆకురాయి ఉక్కును పట్టుకుని సన్నని రజను రాల్చితే ఆ రంపానికి ఇంకా ఆయుష్షు ఉంది. జారిపోతే, పళ్ళ కొసలు నల్లగానో నీలంగానో కనిపిస్తే, అది ఈ కాలపు రంపం. ఇప్పటి రంపాల పళ్ళను విద్యుత్ ప్రేరణతో క్షణకాలం వేడిచేసి గట్టిపరుస్తారు. రాక్‌వెల్ సి కొలమానంలో వాటి గట్టిదనం 60 దాటుతుంది. ఆకురాయిది కూడా దాదాపు అంతే కాబట్టి అది వాటిని కోయలేదు. అవి చాలాకాలం మొద్దుబారవు, మొద్దుబారాక మాత్రం పారేయడమే దారి. పాత రంపపు ఉక్కు గట్టిదనం 50కి అటూ ఇటూగా ఉంటుంది. కర్రను కోయడానికి అది చాలు, ఆకురాయికి లొంగడానికీ చాలు. మళ్ళీ మళ్ళీ పదును పెట్టుకోవాలనే దాన్ని అలా తయారుచేశారు. పాత రంపాన్ని కాపాడుకోవాలని నేను గట్టిగా అనడానికి మొదటి కారణం ఇదే.

ఈ సమతూకం తేలిగ్గా రాలేదు. అమెరికాలో రంపాలకు పేరుపడ్డ హెన్రీ డిస్టన్ 1819లో ఇంగ్లండులో పుట్టి, 1833లో ఫిలడెల్ఫియా చేరి, 1840లో సొంత తయారీ మొదలుపెట్టాడు. మంచి రంపపు ఉక్కు కావాలంటే అప్పట్లో ఇంగ్లండులోని షెఫీల్డు నుంచి తెప్పించుకోవలసిందే. 1855లో డిస్టన్ తన కర్మాగారంలోనే మూసల్లో, అంటే తీవ్రమైన వేడిని తట్టుకునే పాత్రల్లో, ఉక్కు కరిగించడం ప్రారంభించాడు. షెఫీల్డులో ఆ పద్ధతిని 1740లలో రూపొందించినవాడు బెంజమిన్ హంట్స్‌మన్. మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో అంతకు చాలా ముందునుంచే మరో తీరులో మూస ఉక్కు తయారయ్యేది, పారశీక వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కునేవారు. మూసలో పూర్తిగా కరిగిన ఉక్కులో మలినాలు పైకి తేలిపోతాయి, కార్బన్ అంతటా ఒకే తీరుగా పరుచుకుంటుంది. బారెడు రేకులో ఒకచోట మెత్తగా, మరోచోట పెళుసుగా ఉంటే పళ్ళు ఒకేలా అరగవు. వేడిచేసి చల్లార్చి, మళ్ళీ మితంగా కాచి, సుత్తితో సాగగొట్టి బిగువు తెచ్చాకే ఆ రేకు రంపం అయ్యేది. వంచి వదిలితే అది తిన్నగా నిలబడాలి. కొనేముందు ఈ పరీక్ష చేయడం మరిచిపోవద్దు. శాశ్వతంగా మడతపడిన రేకును సరిచేయడం తుప్పు వదిలించడం కంటే చాలా కష్టం.

ఇక తుప్పు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే పుట్టే పదార్థం అది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర కింది లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాదు. తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పగుళ్ళు బారుతుంది, తేమను పట్టి ఉంచి కింది ఉక్కును తినడం కొనసాగిస్తుంది. అయినా ఇంట్లో మూలన పడి ఉన్న రంపం మీద తుప్పు ఎక్కువగా పైపైనే ఉంటుంది. రేకు మధ్యలో చిన్న గుంటలు పడ్డా పనికి అడ్డు రావు. పళ్ళ వరుస దగ్గర లోతైన గుంటలుంటే మాత్రం, కోత వెడల్పుగా పడేందుకు పళ్ళను అటూ ఇటూ వంచేటప్పుడు అవి విరుగుతాయి. అలాంటి రంపాన్ని వదిలేయడం మేలు.

చాలామంది రంపాన్ని వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు నీళ్ళలోనో రాత్రంతా నానబెడతారు. తుప్పు కరుగుతుంది, నిజమే. తుప్పు అయిపోయాక ఆమ్లం ఉక్కు మీద పడుతుంది. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తాయి. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. గొళ్ళేనికో బందుకో ఇది పెద్ద సమస్య కాదు. పళ్ళను వంచవలసిన రంపానికి సమస్యే. చాకలి సోడా నీళ్ళలో ముంచి విద్యుత్తు పంపే పద్ధతి కూడా ఉంది. అందులోనూ రేకు మీద హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి. విద్యుత్తు రెండో తీగకు స్టెయిన్‌లెస్ స్టీలు కడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్ళలో చేరతాయి, మామూలు ఇనుప ముక్కే వాడాలి.

రంపానికి నేను మెచ్చే దారి పాతదే: కిరసనాయిలు, నీటిలో వాడదగిన నల్ల ఉప్పు కాగితం, ఒక చెక్క ముక్క. రేకు చదునుగా ఉంటుంది, ప్రతి మూలకూ చేయి అందుతుంది, ఎంత పోతోందో కంటికి కనిపిస్తుంది. కాగితాన్ని చెక్కకు చుట్టి, రేకు పొడవునా రాయాలి. 220 నంబరుతో మొదలుపెట్టి 400 దాకా వెళితే సరిపోతుంది. చెక్క ఎందుకంటే, తయారీదారు ముద్ర కోసం. ఆ పేరు, బొమ్మ ఆమ్లంతో చెక్కినవి, లోతు చాలా తక్కువ. వేళ్ళతో నొక్కి రుద్దితే కాగితం ఆ గీతల్లోకి దిగి వాటిని చెరిపేస్తుంది. చదునైన చెక్క పైతలాన్నే తాకుతుంది, గీతల్లోని నలుపు మిగిలి అక్షరాలు తేలతాయి. తిరిగే యంత్రపు బ్రష్షుతో ఆ ముద్రను అరగదీసిన రంపాలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పిడి మీది ఇత్తడి బిళ్ళ కూడా చరిత్ర చెబుతుంది. 1865లో కొడుకు హామిల్టన్ భాగస్వామి అయ్యాక డిస్టన్ పేరు పక్కన ‘అండ్ సన్’ చేరింది. అలా బిళ్ళ మీది అక్షరాలను బట్టి రంపం ఏ కాలానిదో అంచనా వేయవచ్చు.

అసలైన పని పళ్ళ దగ్గర మొదలవుతుంది. కర్ర నారల వెంట కోసే రంపానికి, నారలకు అడ్డంగా కోసే రంపానికి పళ్ళు వేరు. నిలువు కోత పన్ను చిన్న ఉలి లాంటిది. ముఖం దాదాపు నిటారుగా ఉండి నారల కొసలను చెక్కుకుంటూ పోతుంది. అడ్డకోత పన్ను ముఖం వెనక్కి 15 డిగ్రీల దాకా వాలుతుంది, అంచులు ఏటవాలుగా పదునెక్కి ఉంటాయి. అది నారను రెండు వైపులా ముందే తెంపుతుంది, మధ్యలోని పొట్టు తర్వాత రాలుతుంది. ఒకదాని పనికి మరొకటి వాడితే కోత సాగదు, లేదా అంచు చిరుగుతుంది.

ముందుగా చదునైన ఆకురాయిని పళ్ళ కొసల మీదుగా పొడవునా నడిపి అన్నిటినీ ఒకే ఎత్తుకు తేవాలి. అప్పుడు ప్రతి కొస మీద ఒక చిన్న మెరిసే మచ్చ మిగులుతుంది. పొడవు పన్నుకు పెద్దది, పొట్టి పన్నుకు చిన్నది. తర్వాత మూడు పలకల ఆకురాయిని పళ్ళ సందుల్లో పెట్టి ముందుకు తోయాలి. అడ్డకోత రంపమైతే దాన్ని సుమారు 20 డిగ్రీలు పక్కకు తిప్పి, ఒక సందు వదిలి ఒకటి చొప్పున రెండు వైపుల నుంచీ రాయాలి. ఆ మచ్చ మాయమైన క్షణంలో ఆపాలి. ఇంకొక్కసారి తోస్తే ఆ పన్ను పొట్టిదైపోతుంది. అంగుళానికి 7 పళ్ళున్న 26 అంగుళాల రంపంలో 182 పళ్ళుంటాయి. ప్రతిదానికీ ఇదే శ్రద్ధ కావాలి, తొందర పనికిరాదు.

పళ్ళను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంచాలి. కోత రేకు మందం కంటే వెడల్పుగా పడకపోతే కర్ర రేకును బిగబట్టేస్తుంది. పచ్చి కర్రకు వంపు ఎక్కువ, ఎండిన గట్టి కర్రకు తక్కువ. పన్ను ఎత్తులో పైసగమే వంచాలి, మొదలు దగ్గర వంచితే విరుగుతుంది. మంచి పాత రంపాల వీపు పళ్ళవైపు కంటే పలచగా సానబట్టి ఉంటుంది కాబట్టి వాటికి కొద్దిపాటి వంపే చాలు. కోత సన్నగా పడుతుంది, శ్రమా తగ్గుతుంది. సరిగ్గా తీర్చిన అడ్డకోత రంపాన్ని పళ్ళు పైకి పెట్టి పట్టుకుంటే, రెండు వరుసల మధ్య సన్నని కాలువ కనిపిస్తుంది. వెనకటి పనివారు అందులో సూదిని పెట్టి జార్చి చూసేవారు. వంపు సమంగా ఉంటే అది ఇటు కొస నుంచి అటు కొసకు పక్కకు పడకుండా జారుతుంది.

పిడి బిగించే ఇత్తడి మరలను చింతపండుతో తోమవచ్చు. అందులోని టార్టారిక్ ఆమ్లం మసకను కరిగిస్తుంది. కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి బిగించాలి. చెక్క పిడికి అవిసె నూనె పట్టించండి. ఆ నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోగలవు. పని అయిన వెంటనే వాటిని నీళ్ళలో తడపండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.